మంద్రానికి ఏ తీగ కట్టాలి?

బొగ్గు బాయిల ఊళ్లలో పాటకు ఎన్నడూ కొదవ లేదు. ఒగ్గు డోలూ డప్పూ ఎలాగూ ఉన్నవే. వాటితో పాటు పెళ్లి రిసెప్షన్లలోనూ, గణపతి నవరాత్రుల్లోనూ, డిసెంబరు 23న సింగరేణి డే వేదికల మీదా ఆర్కెస్ట్రాలు కనిపిస్తాయి. ఆర్కెస్ట్రాలో అందరికంటే వెనక నిలబడి, అందరికంటే తక్కువ చప్పట్లు అందుకునే మనిషి బేస్ గిటారిస్టు. ఆయన చెయ్యి ఆగితే మాత్రం పాట ఒక్కసారిగా పలచబడిపోతుంది. ఎందుకు పలచబడిందో జనానికి తెలియదు, అంతే.

మంచి సౌండు కోసం ఈ వాద్యకారులు ముందు గిటారు మారుస్తారు, తర్వాత ఆంప్లిఫయర్ మారుస్తారు. తీగల మాట తెగినప్పుడే గుర్తొస్తుంది. నిజానికి లెక్క తిరగబడాలి. బేస్ గిటార్ గొంతును అతి తక్కువ ఖర్చుతో, అతి ఎక్కువగా మార్చేవి దాని నాలుగు తీగలే.

లియో ఫెండర్ 1951లో అమెరికా మార్కెట్లోకి తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో మోగే తీగ పొడవు 34 అంగుళాలు. ఇప్పటికీ ఎక్కువ బేస్ గిటార్లది అదే కొలత. నాలుగు తీగలూ లావు నుంచి సన్నానికి సెకనుకు సుమారు 41, 55, 73, 98 సార్లు (హెర్ట్జ్) కంపిస్తాయి. మామూలు గిటారులో అన్నిటికంటే లావు తీగ 82 సార్లు కంపిస్తుంది కనుక, బేస్ దానికి సరిగ్గా ఒక స్థాయి కింద ఉంటుంది. తీగ పొడవు, బిగువు, బరువు అనే మూడిటి మీదే స్వరం ఆధారపడుతుందని ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లోనే సూత్రీకరించాడు. స్వరం దిగాలంటే తీగ పొడవు పెంచాలి, లేదా బిగువు తగ్గించాలి, లేదా బరువు పెంచాలి. చేతికి అందాలి కాబట్టి పొడవును ఒక హద్దు దాటి పెంచలేం. బిగువు మరీ తగ్గితే తీగ మెడ మీది ఫ్రెట్లకు కొట్టుకుని గరగరమంటుంది. మిగిలింది బరువు.

బరువు కోసం ఒకే లావుపాటి ఉక్కు తీగ కడితే సరిపోదా? సరిపోదు. తీగ మందం రెట్టింపైతే అది వంగకుండా మొండికేసే గుణం 16 రెట్లు పెరుగుతుంది. అలాంటిది తీగలా కాక కడ్డీలా మోగుతుంది, పై స్వరాలు శ్రుతి తప్పుతాయి. ఈ చిక్కు గోదావరిఖని బొగ్గు గని కార్మికులకు కొత్తది కాదు. ఇంక్లైన్లలో టబ్బులను లాగే హాలేజీ రోప్ ఒకే లావు కడ్డీ అయితే డ్రమ్ము మీద చుట్టుకోనే చుట్టుకోదు. అందుకే సన్నని ఉక్కు తీగలను పేనుతారు. జర్మనీలోని హార్జ్ గనుల్లో విల్హెల్మ్ ఆల్బర్ట్ అనే అధికారి 1834లో ఇలా పేనిన లోహపు తీగల తాడును తయారు చేశాడు. బేస్ తీగదీ అదే ఉపాయం, ఒక్క తేడాతో. రోప్‌లో అన్ని తీగలూ బరువు లాగుతాయి. బేస్‌లో లోపలి సన్నని ఉక్కు నడుమే బిగువునంతా మోస్తుంది, దాని చుట్టూ తిప్పిన తీగ బరువు పెంచడానికి మాత్రమే. బొబ్బిలి వీణ మీద మంద్ర, అనుమంద్ర తీగలకు సన్నని లోహపు చుట్టు ఉండటానికి కారణమూ ఇదే.

ఈ చుట్టు ఎలా చుట్టారన్న దాంట్లోనే అసలు గొంతు ఉంది.

నాలుగు రకాల తీగలు తెచ్చి ఒకే గిటారుకు కట్టినా 41 హెర్ట్జ్ 41గానే ఉంటుంది. మారేవి దాని పైన మోగే రెట్లు: సుమారు 82, 124, 165, ఇంకా పైవి. పాఠ్యపుస్తకాలు వీటిని అనుస్వరాలు అంటాయి, వాద్యకారులు హార్మోనిక్స్ అంటారు. అవి ఎన్ని పుడతాయి, ఎంతసేపు బతుకుతాయి అన్నదే టోన్. చుట్టిన తీగ గుండ్రంగా ఉంటే అది రౌండ్‌వౌండ్. దీంట్లో పై హార్మోనిక్స్ దండిగా మోగి, స్వరం ఖంగుమంటుంది. వేలు జరిపితే చిన్న కీచు కూడా వినిపిస్తుంది. పట్టీలా చదునైన తీగ చుట్టితే ఫ్లాట్‌వౌండ్. పైన నున్నగా ఉంటుంది, వంగడానికి కాస్త మొరాయిస్తుంది, పై హార్మోనిక్స్ త్వరగా చచ్చిపోతాయి. మిగిలేది ‘ధుమ్’ అనే నిండు దెబ్బ. గుండ్రటి చుట్టును పైపైన అరగదీసిన హాఫ్‌రౌండ్, నైలాన్ పట్టీ చుట్టిన టేప్‌వౌండ్ కూడా దొరుకుతాయి. మొదటిది మధ్యే మార్గం, రెండోది ఫ్లాట్‌వౌండ్ కంటే మెత్తన.

రౌండ్‌వౌండ్, ఫ్లాట్‌వౌండ్ అనే రెండు దారులకూ ఇద్దరు పెద్ద మనుషులున్నారు. ‘ది హూ’ బృందంలో వాయించిన జాన్ ఎంట్విసిల్‌కు తన బేస్ పియానోలా ఖంగుమనాలని పట్టుదల. 1966లో ఇంగ్లండులోని రోటోసౌండ్ కంపెనీతో కూర్చుని రౌండ్‌వౌండ్ తీగలను తనకు నచ్చేదాకా తయారు చేయించుకున్నాడు. ఆ స్వింగ్ బేస్ తీగలు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. ఆయనకు పూర్తిగా ఎదురు తోవ జేమ్స్ జేమర్సన్‌ది. కార్ల ఫ్యాక్టరీల ఊరు డెట్రాయిట్‌లో, ఒకప్పుడు ఫోర్డ్ కంపెనీ అసెంబ్లీ లైనులో పనిచేసిన బెర్రీ గోర్డీ పెట్టిన మోటౌన్ సంస్థలో ఆయన బేస్ వాయించేవాడు. ప్రెసిషన్ బేస్‌కు లా బెల్లా కంపెనీ లావు ఫ్లాట్‌వౌండ్లు కట్టి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి దగ్గర ఫోమ్ ముక్క పెట్టి, ఒకే చూపుడు వేలితో మీటేవాడు. 1960ల్లో మోటౌన్ నుంచి వచ్చిన హిట్ పాటల్లో చాలా వాటి కింద ఉన్నది ఆ పాత తీగల మోతే.

మన దగ్గరా తీగ కోసం వాద్యాన్నే సరిచేసుకున్న మనిషి ఉన్నాడు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ జంట తీగలను తీసేసి, ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు ఒంటి తీగలు ఐదు కట్టించుకున్నారు. గమకం పలకాలంటే రెండు తీగలను ఒకేసారి సమంగా లాగడం కష్టం మరి.

లోహం సంగతి క్లుప్తంగా. స్టెయిన్‌లెస్ స్టీల్ చుట్టు అన్నిటికంటే పదునుగా మోగుతుంది, ఫ్రెట్లను కూడా తొందరగా అరగదీస్తుంది. అచ్చు నికెల్‌ది పాతకాలపు మెత్తదనం. నికెల్ పూత పూసిన ఉక్కు ఈ రెంటికీ నడుమ ఉంటుంది, అంగడిలో ఎక్కువగా దొరికేదీ అదే. ఎలక్ట్రిక్ బేస్‌కు కాంస్యం చుట్టిన అకౌస్టిక్ తీగలు మాత్రం కట్టకూడదు. తీగల కింద ఉండే పికప్‌లో అయస్కాంతం, చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటాయి. ఎదురుగా కదిలే ఇనుప జాతి లోహాన్నే అది గుర్తుపడుతుంది. కాంస్యం దాని లెక్కలోకి రాదు, లోపలి ఉక్కు ఒక్కటే వినపడి శబ్దం బక్కగా వస్తుంది.

ప్యాకెట్ మీద 45–105 అని ఉంటే అవి అంగుళంలో వెయ్యో వంతు లెక్కలు. 105 అంటే 2.67 మిల్లీమీటర్ల మందం. ఈ సెట్టు శ్రుతిలో ఉన్నప్పుడు నాలుగు తీగలూ కలిసి గిటారు మెడను సుమారు 75 కిలోల బలంతో లాగుతుంటాయి. లావు తీగలకు బిగువు ఎక్కువ, స్వరం స్థిరంగా ఉంటుంది, వేళ్లు మాత్రం నొస్తాయి. 40–100 అయితే వేళ్లకు సుఖం, గట్టిగా మీటితే కొట్టుకుంటాయి. ఒక సైజు నుంచి ఇంకో సైజుకు మారినప్పుడు మెడ వంపు కూడా చూపించుకోవాలి.

ఇక అందరూ మరిచిపోయే ప్రశ్న ఒకటుంది: వినేవాళ్లు దేంట్లో వింటారు? బహిరంగ సభలో బాకా మైకులుంటే అవి 41 హెర్ట్జ్‌ను పలకలేవు. ఫోను స్పీకరు అసలే పలకలేదు. అయినా మనకు బేస్ వినపడినట్టే ఉంటుంది. 82, 124, 165 వినపడితే చాలు, వాటి మధ్య దూరం సుమారు 41 అని మెదడు లెక్క కట్టి లేని మూల స్వరాన్ని కల్పించుకుంటుంది. ఆ పై రెట్లను దండిగా ఇచ్చేది రౌండ్‌వౌండ్. జేమర్సన్‌ను చూసి మోజుపడి ఫ్లాట్‌వౌండ్లు కట్టి బాకాల ముందు వాయిస్తే, బేస్ వాద్యకారుడి చెవికి తప్ప ఎవరికీ అందదు. కింది శబ్దాన్నంతా ఒగ్గు డోళ్లు ఆక్రమించే కార్యక్రమంలోనూ ఇదే చిక్కు. మంచి సబ్‌వూఫర్లున్న హాల్లో, రికార్డింగ్ గదిలో, మెలోడీ పాటల కింద మాత్రం ఫ్లాట్‌వౌండ్ రాజే.

బొగ్గు గనుల ఊరైన రామగుండం వాతావరణానిది మరో లెక్క. ఎండాకాలంలో ఇక్కడ పాదరసం 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఉక్కు వేడికి సాగుతుంది, మెడ కర్ర పొడవునా దాదాపు సాగదు. తీగ వదులై శ్రుతి కిందికి జారుతుంది. ఏసీ గదిలో శ్రుతి చేసుకుని నేరుగా బయటి వేదిక ఎక్కితే అపశ్రుతి ఖాయం. ఓ పావుగంట గిటారును బయటి గాలికి అలవాటు పడనిచ్చి, మళ్లీ శ్రుతి చూసుకోవాలి.

అంతకంటే పెద్ద శత్రువు చెమటా, దుమ్మూ. ఓపెన్‌కాస్ట్ గనుల పక్కనున్న ఊళ్లో సన్నని బొగ్గు పొడి చేతి జిడ్డుతో కలిసి రౌండ్‌వౌండ్ చుట్ల మధ్య గాడుల్లో ఇరుక్కుంటుంది. చుట్లు స్వేచ్ఛగా కదలవు. ముందుగా చచ్చేవి పై హార్మోనిక్సే. పరీక్ష తేలిక: 12వ ఫ్రెట్, 7వ ఫ్రెట్, ఆ తర్వాత 5వ ఫ్రెట్ నేరుగా పైన వేలు ఆనీ ఆనకుండా ఉంచి మీటాలి. 5వ ఫ్రెట్ దగ్గర పుట్టే గంట లాంటి స్వరం పుట్టీ పుట్టగానే చస్తే ఆ తీగ పని అయిపోయినట్టే. కొందరు తీగలను విప్పి మరిగే నీళ్లలో వేస్తారు. జిడ్డు వదిలి కొన్నాళ్లు మళ్లీ మోగుతాయి. తడి పూర్తిగా ఆరకపోతే తుప్పు మాత్రం తప్పదు. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో, తీగ అడుగు భాగంతో సహా తుడవడం దీనికంటే మేలు. పాలిమర్ పూత ఉన్న తీగలు ఖరీదెక్కువైనా ఇలాంటి చోట డబ్బు రాబట్టుకుంటాయి.

కొత్త తీగ ఎక్కించేటప్పుడు ఇంకో జాగ్రత్త. కొసను ముందే కత్తిరించకూడదు. ట్యూనింగ్ కీ దగ్గర మడత పెట్టాక, ఆ మడత అవతలే కత్తిరించాలి. లేకపోతే పై చుట్టు లోపలి ఉక్కు మీద జారిపోయి, కొత్త తీగ కూడా మొదటి రోజు నుంచే మొద్దుగా మోగుతుంది.

మొదటిసారి కొనేవాళ్లు 45–105 నికెల్ పూత రౌండ్‌వౌండ్‌తో మొదలుపెట్టడం మంచిది. పాట పాడేవాళ్ల మీదికి బేస్ ఎక్కుతోందని తోటి వాద్యకారులు విసుక్కుంటే హాఫ్‌రౌండ్‌కో ఫ్లాట్‌వౌండ్‌కో మారవచ్చు. రెండో గిటారు కొనే స్తోమత ఉంటే దానికి ఫ్లాట్‌వౌండ్లు కట్టి ఉంచుకోండి. అవి ఏళ్ల తరబడి మార్చక్కర్లేదు.