చేసింది చెప్పుకుంటే గొప్పలా?

కలిగిరి: నెల్లూరు జిల్లా పల్లెల్లో ఏ ఇల్లాలినైనా "మీరు సాధించిందేమిటమ్మా?" అని అడిగితే తరచు వినిపించే జవాబు "మేం చేసిందేముందిలే!" పొదుపు సంఘంలో ఏళ్ల తరబడి లెక్కలు రాస్తున్నవారూ అదే అంటారు. కూలి డబ్బులతో పిల్లల్ని చదివించినవారూ అదే అంటారు. బ్యాంకు అప్పు వాయిదా తప్పకుండా తీర్చినవారు సైతం ఆ మంచిని "అంతా దేవుడి దయ" అని దాటవేస్తారు. తన గురించి తాను చెప్పుకోవడం తప్పని చిన్ననాటి నుంచి నూరిపోసిన ఫలితమిది.

అయితే అలా మౌనంగా ఉండిపోతే ఎంత నష్టమో ఈ జిల్లా చరిత్రే చెబుతోంది.

పాఠమైన గెలుపు

కలిగిరి మండలంలోని దూబగుంట చిన్న ఊరు. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు ఆ ఊరి ఆడవాళ్లు పగలు పనులు చేసుకుని, రాత్రిపూట పలకలు పట్టారు. తాగుడుతో చితికిన సంసారాల కథలు వారి పాఠాల్లోనే వచ్చాయి. అవి తమ ఇళ్ల కథలే. అందరూ ఒక్కటై ఊళ్లో సారా అమ్మకుండా అడ్డుకున్నారు. ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మకు ఊరి పేరే ఇంటిపేరైంది. ఆమె 2016లో కన్నుమూశారు.

ఆ గెలుపును అక్కడితో మరచిపోయి ఉంటే అది ఊరి పొలిమేర దాటేది కాదు. దూబగుంట ఆడవాళ్లు చేసిన పని 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా వాచకంలోకి ఎక్కింది. పక్క ఊళ్ల స్త్రీలు అది చదివి "వాళ్లు చేసింది మనమెందుకు చేయలేం?" అని కదిలారు. 1992లో ఉద్యమం జిల్లా అంతటా అల్లుకుంది. నెల్లూరులో సారా వేలం పాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించారు. మద్యం తిరిగి వచ్చినా, ఆడవాళ్లు నేర్చిన అక్షరం, కూడగట్టుకున్న ధైర్యం వారి దగ్గరే ఉన్నాయి.

పుస్తకంలో లేని లెక్క

సారా ఉద్యమం తర్వాత రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు జిల్లాలో వెలిశాయి. సంఘం పుస్తకంలో డబ్బు లెక్క పైసాతో సహా ఉంటుంది. సభ్యురాలు ఎంత ఎదిగిందన్న లెక్క మాత్రం కనపడదు.

ఆ లెక్క లేకపోతే వచ్చే చిక్కు చిన్నది కాదు. సంతకం నేర్చిన ఇల్లాలు "నాకేం తెలుసులే" అనుకుంటూ కాగితం చదవకుండానే సంతకం పెడుతుంది. పాసు పుస్తకం మరొకరి చేతిలో పెడుతుంది. వాడని అక్షరం మరపున పడుతుంది. అప్పు మాత్రం ఆమె పేరునే ఉంటుంది.

చేయనిది చేశానని చెప్పడం, ఎదుటివారిని తక్కువ చేయడం గొప్పలకు పోవడమే. చేసింది చేసినట్లు చెప్పడం లెక్క అప్పజెప్పడం లాంటిది.

పది నిమిషాలు చాలు

ఇందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. నెలవారీ సమావేశంలో పొదుపు లెక్క ముగిశాక పది నిమిషాలు కేటాయిస్తే సరిపోతుంది. నిరుడు చేతకానిది, ఇప్పుడు చేయగలుగుతున్నది ఏమిటో ఒక్కొక్కరూ చెప్పాలి. ఒంటరిగా బస్సెక్కి మండలాఫీసుకు వెళ్లిరావడం కావచ్చు. బ్యాంకు ఫారం సొంతంగా నింపడం కావచ్చు. గ్రామసభలో లేచి నాలుగు మాటలు మాట్లాడటం కావచ్చు. అది తేదీతో సహా తీర్మానాల పుస్తకంలో రాసుకోవాలి. మిగిలినవారు చప్పట్లు కొట్టాలి.

పిల్లవాడు పరీక్ష పాసైతే ఇంట్లో పాయసం వండుతారు. అప్పు చివరి వాయిదా కట్టిన రోజున ఆ ఇల్లాలి పేరున కూడా వండుకోవచ్చు. ఆ మాట ఇంటి మగవారే ముందుగా అంటే మరీ మంచిది.

తల్లి "నాకేమీ రాదు" అంటూ ఉంటే కూతురు కూడా అదే నేర్చుకుంటుంది. ఒక ఊరి గెలుపు తెలిసి పక్క ఊరు కదిలినట్లే, తల్లి ఎలా నెగ్గుకొచ్చిందో ఆమె నోట విన్న ఆడపిల్ల తానూ ధైర్యంగా అడుగు వేస్తుంది.