మెదడులో రక్తస్రావమైన పేషెంట్‌కి రక్తం పలచబడే ఇంజెక్షన్ ఎందుకిస్తారు?

ఐసీయూ బయట పేషెంట్ బంధువులు తరచూ అడుగుతుంటారు. "డాక్టర్ గారూ, తలలో రక్తం కారిందన్నారు, మళ్లీ రక్తం పలచబడే ఇంజెక్షన్ ఇస్తున్నారేంటి?" అని. న్యాయమైన ప్రశ్నే. ఈరోజు దాని గురించి మాట్లాడుకుందాం.

తలకి తీవ్రమైన గాయమంటే కోమా స్కోరు 8 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లు. రోజుల తరబడి వెంటిలేటర్ మీద కదలకుండా ఉంటారు కాబట్టి పిక్కల సిరల్లో రక్తం నిలిచిపోతుంది. పైగా దెబ్బతిన్న మెదడు నుంచి టిష్యూ ఫ్యాక్టర్ అనే పదార్థం విడుదలై రక్తం గడ్డకట్టడాన్ని రేపుతుంది. అంటే తలలో రక్తం కారుతున్న మనిషికే కాళ్లలో గడ్డలు కడతాయన్నమాట. 1994లో కెనడా డాక్టర్లు నివారణ చికిత్సేదీ ఇవ్వని పేషెంట్లకి పరీక్ష చేసి చూస్తే, తలకి పెద్ద గాయమైన 91 మందిలో 49 మందికి కాళ్ల సిరల్లో గడ్డలున్నాయి. బయటికి ఏ లక్షణమూ లేకుండానే ఇవి ఏర్పడొచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ప్రమాదం.

మొదటి రోజు నుంచే పెట్టగలిగేది డీవీటీ పంప్. బీపీ పట్టీలాంటి తొడుగులు గాలి నింపుకుని, వదులుతూ పిక్కల్ని నొక్కుతుంటాయి. దీనివల్ల రక్తస్రావం భయం లేదు. కాకపోతే ఒళ్లు తుడిచేటప్పుడో, స్కానింగ్‌కి తీసుకెళ్లేటప్పుడో తీసేసి, మళ్లీ పెట్టడం మర్చిపోతుంటారు. మీరు లోపలికెళ్లినప్పుడు తొడుగులు కాళ్లకున్నాయా, మిషన్ ఆన్‌లో ఉందా చూడండి. లేకపోతే సిస్టర్‌ని అడగండి, మొహమాటపడొద్దు.

ఇక ఇంజెక్షన్. హెపారిన్ గానీ ఎనాక్సపారిన్ గానీ నివారణకి చిన్న డోసులో ఇస్తాం. ఇది ఉన్న గడ్డని కరిగించదు, కొత్తది కట్టకుండా చూస్తుంది. తొందరపడితే తలలో రక్తస్రావం పెరగొచ్చు, ఆలస్యమైతే కాలిలో గడ్డ కట్టొచ్చు. అందుకే సీటీ మళ్లీ తీసి మొదటిదాంతో పోలుస్తాం. "ఇంకో స్కాన్ ఎందుకు, బిల్లు కోసమా?" అనుకుంటారు కొందరు. ఈ నిర్ణయానికి ఆ స్కానే ఆధారమండి. డల్లాస్‌లోని పార్క్‌లాండ్ హాస్పిటల్ పద్ధతిలో, గాయం చిన్నదై స్కాన్ స్థిరంగా ఉంటే 24 గంటలకి, మధ్యరకమైతే 72 గంటలకి మొదలుపెడతారు. పుర్రె తెరిచి ఆపరేషన్ చేసినవాళ్లకి, తలలో ప్రెషర్ మానిటర్ ఉన్నవాళ్లకి న్యూరోసర్జన్ విడిగా చూసి చెప్పాల్సిందే.

ఇంకోటి. ఒక కాలు మాత్రమే వాచినా, వేడిగా అనిపించినా నూనె రాసి పిసకకండి. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ లోపల గడ్డ ఉంటే కదిలే ప్రమాదముంది. వెంటనే డాక్టర్‌కి చెప్తే డాప్లర్ తీయించి చూస్తారు.