జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త!
డెంగీలో రక్తస్రావం ఎందుకు అవుతుంది?

వానలు మొదలైన దగ్గర నుండి నవంబరు దాకా ఉప్పల్, నాచారం, రామంతాపూర్, హబ్సిగూడ వీధుల్లో జ్వరాలు ఎక్కువవుతాయి. వాటిలో అందరినీ భయపెట్టేది డెంగీ. ఇంట్లో ఒకరికి డెంగీ అని తెలియగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్న, "డాక్టరుగారూ, ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" అన్నదే. ఆ సంఖ్య తెలుసుకోవలసిందే. అయితే దాన్ని మాత్రమే చూస్తూ కూర్చుంటే అసలు ప్రమాదాన్ని గమనించలేకపోతాం. డెంగీలో రక్తస్రావం ఎందుకు అవుతుందో, ఏ రోజుల్లో రోగిని కనిపెట్టుకుని ఉండాలో తెలుసుకుందాం.

రక్తస్రావ జ్వరాలంటే ఏమిటి?

కొన్ని వైరస్ జ్వరాలలో రక్తనాళాలు, రక్తం గడ్డకట్టే శక్తి రెండూ దెబ్బతింటాయి. వీటిని రక్తస్రావ జ్వరాలు అంటారు. ఆఫ్రికాలోని ఎబోలా, 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో బయటపడిన కోతి జ్వరం, 2011లో గుజరాత్‌లో కనిపించిన క్రిమియన్ కాంగో జ్వరం ఈ కోవకు చెందినవే. మన ఇంటి గుమ్మం దగ్గర ఉన్నది మాత్రం డెంగీ. 2019లో తెలంగాణలో 13 వేలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. ఆ వర్షాకాలంలో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ముందు కనిపించిన బారులు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

డెంగీ వచ్చినవారిలో ఎక్కువమంది వారం పది రోజుల్లో కోలుకుంటారు. కొద్దిమందిలోనే అది తీవ్రమవుతుంది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలు ఉన్నాయి. ఒక రకం వచ్చి తగ్గినవారికి మరోసారి వేరే రకం సోకితే తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ. 2014లో హైదరాబాద్ రోగుల రక్త నమూనాలను పరీక్షించినప్పుడు నాలుగు రకాలూ కనిపించాయి. కాబట్టి "మాకు ఇదివరకే వచ్చి పోయింది" అని ధీమాగా ఉండకూడదు.

రక్తం ఎలా గడ్డకడుతుంది?

కూరగాయలు తరిగేటప్పుడు వేలు తెగితే కాసేపటికి రక్తం దానంతటదే ఆగుతుంది. దీని వెనుక మూడు పనులు జరుగుతాయి. మొదట తెగిన రక్తనాళం ముడుచుకుంటుంది. తరువాత ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు అక్కడ చేరి అడ్డుకట్ట వేస్తాయి. ఆపైన, ముఖ్యంగా కాలేయంలో తయారయ్యే ప్రోటీన్లు వలలా అల్లుకుని ఆ కట్టను గట్టిపరుస్తాయి. ఆరోగ్యవంతుల్లో ఒక క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో సుమారు 1.5 లక్షల నుండి 4.5 లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి.

తీవ్రమైన డెంగీలో ఈ మూడూ దెబ్బతింటాయి. ఎముక మజ్జలో ప్లేట్‌లెట్ల తయారీ మందగిస్తుంది, ఉన్నవి త్వరగా నశిస్తాయి. కాలేయం వాచి గడ్డకట్టే ప్రోటీన్లు తగ్గవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, సన్నని రక్తనాళాల గోడలు వదులై రక్తంలోని నీరు పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ ఊరిపోతుంది. అప్పుడు రక్తం చిక్కబడి బి.పి. పడిపోతుంది. ఆ స్థితి ఎక్కువసేపు కొనసాగితే ఒళ్లంతా సన్నని నాళాల్లో చిన్న చిన్న గడ్డలు కట్టి, గడ్డకట్టే పదార్థాలన్నీ ఖర్చయిపోతాయి. ఇక అవసరమైన చోట రక్తం గడ్డకట్టదు. అందుచేత డెంగీలో పెద్ద రక్తస్రావాలు చాలావరకు షాక్‌ను ఆలస్యంగా గుర్తించిన రోగులలోనే కనిపిస్తాయి.

జ్వరం దిగింది, ఇంటికి తీసుకెళ్లవచ్చా?

"జ్వరం దిగిపోయింది కదా డాక్టరుగారూ, బాబును ఇంటికి తీసుకెళ్తాం" అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. మిగతా జ్వరాల్లో ఇది సబబే. డెంగీలో మాత్రం జ్వరం తగ్గే సమయం, అంటే సుమారు మూడవ రోజు నుండి ఏడవ రోజు మధ్య, ప్రమాదకరమైనది. నీరు ఊరిపోవడం ఆ 24 నుండి 48 గంటల్లోనే ఎక్కువ.

అందుకే డాక్టర్లు ప్లేట్‌లెట్లతోపాటు పి.సి.వి. అనే పరీక్షను మళ్లీ మళ్లీ చేయిస్తారు. రక్తం ఎంత చిక్కబడిందో అది చెబుతుంది. మామూలుగా 36 ఉండే మనిషికి అది 43, 44కు పెరిగిందంటే రక్తంలోని నీరు బయటకు పోతున్నదని అర్థం. అప్పుడు ప్రాణం కాపాడేది సరైన కొలతలో ఎక్కించే సెలైన్. అది ఎక్కువైనా ప్రమాదమే. కోలుకునే దశలో ఊరిన నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పటికీ సెలైన్ ఎక్కిస్తూ పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

ప్లేట్‌లెట్లు ఎక్కించాలా?

సంఖ్య 50 వేలకు పడిపోగానే ఇంటిల్లిపాదీ దాతల కోసం పరుగులు పెడతారు. రక్తస్రావం లేకపోతే ఆ తొందర అక్కరలేదు. సింగపూర్, మలేషియాలలో 372 మంది పెద్దవారిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. వారందరికీ ప్లేట్‌లెట్లు 20 వేలు లేదా అంతకన్నా తక్కువే, కాని చెప్పుకోదగిన రక్తస్రావం లేదు. ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించిన వారిలో 21 శాతం మందికి, ఎక్కించని వారిలో 26 శాతం మందికి రక్తస్రావం అయ్యింది. ఈ తేడా లెక్కలోకి వచ్చేంతది కాదు. పైగా దుష్ఫలితాలు ఎక్కించిన వారిలోనే ఎక్కువ. మన జాతీయ మార్గదర్శకాలు కూడా రక్తస్రావం లేనివారికి సంఖ్య 10 వేలకన్నా తగ్గితేనే ఎక్కించడాన్ని ఆలోచించమంటాయి. రక్తస్రావం ఉంటే సంగతి వేరు. అప్పుడు డాక్టరు చెప్పిన వెంటనే ఎక్కించాలి.

బొప్పాయి ఆకు రసం సంగతి కూడా చాలామంది అడుగుతారు. కొన్ని చిన్న పరిశోధనల్లో సంఖ్య కొంత త్వరగా పెరిగింది. అయితే దానివల్ల రక్తస్రావం, మరణాలు తగ్గుతాయనడానికి రుజువు లేదు. ఆ చేదుకు రోగి వాంతులు చేసుకుంటే మాత్రం ఒంట్లో నీరు ఇంకా తగ్గుతుంది.

ఇంట్లో పాటించవలసినవి

1. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, డాక్టరు చెప్పిన మోతాదులో వాడండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచుతాయి. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడుతున్నవారు సొంతంగా మానకుండా వెంటనే డాక్టరును అడగండి.
2. కండలోకి సూదిమందు వేయించుకోకండి. అక్కడ లోపల రక్తం గూడుకట్టవచ్చు.
3. ఓ.ఆర్.ఎస్., మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా తరచుగా ఇవ్వండి. కనీసం ఆరు గంటలకొకసారి మూత్రం రావాలి.
4. ఎర్రని పానీయాలు, బీట్‌రూట్ ఇవ్వకండి. వాంతిలో రక్తం పడితే గుర్తుపట్టడం కష్టమవుతుంది.

వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

- తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు
- ముక్కు, చిగుళ్ల నుండి రక్తం, చర్మంపై ఎర్రని చుక్కలు
- నల్లని మలం, రక్తపు వాంతి, నెలసరిలో అధిక రక్తస్రావం
- చల్లబడిన చేతులు కాళ్లు, మగత, చిరాకు, ఆయాసం
- మూత్రం బాగా తగ్గిపోవడం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, అర్ధరాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగకండి. గర్భిణులు, చంటిపిల్లలు, వృద్ధులు, షుగరు రోగులు ఈ లక్షణాలు లేకపోయినా జ్వరం వచ్చిన మొదట్లోనే డాక్టరును కలవాలి.

చెరువు దోమ వేరు, డ్రమ్ము దోమ వేరు

మన ప్రాంతంలో దోమలంటే ఉప్పల్ నల్లచెరువునో, నాచారం చెరువునో, మూసీనో నిందించడం అలవాటు. మురుగు నీటిలో పెరిగి రాత్రిళ్లు కుట్టేది క్యూలెక్స్ దోమ. డెంగీని మోసే ఏడిస్ దోమ ఇంటి చుట్టూ నిలవ ఉన్న మంచినీటిలో పెరిగి పగటిపూట కుడుతుంది. నల్లా నీళ్ల కోసం నింపి ఉంచే డ్రమ్ములు, మూతలేని సంపులు, కూలర్లు, పంక్చరు షాపుల ముందు పాత టైర్లు, కట్టుబడి జరుగుతున్న భవనాలు, చర్చి ఆవరణలోని పూలకుండీల పళ్లేలు దానికి నిలయాలు.

గుడ్డు నుండి దోమ కావడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికొక రోజు నీళ్లన్నీ పారబోయాలి. పారబోస్తే సరిపోదు. గోడకు అంటుకున్న గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి కాబట్టి పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. పారిశ్రామికవాడలో ఒకే వాకిట్లో నాలుగైదు కుటుంబాలు అద్దెకుండే చోట అందరూ ఒకే రోజున చేస్తేనే ఫలితం.

ఇంకొక మాట. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. నిజంగా అవసరమైన రోగికి సమయానికి అందాలంటే వర్షాకాలమంతా రక్తదానం జరుగుతూనే ఉండాలి. 18 ఏళ్లు నిండి, ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకులు మన వాళ్లకు అవసరమొచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే ముందుకు రావాలి.