లేపాక్షి నామము – విరూపణ్ణ కథ

అనంతపుర సీమ వానకు మొగము వాచిన మెట్టభూమి. సాలునకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము కురిసిన నదియే గొప్ప. అట్టి సీమలో, హిందూపురమునకుఁ దూర్పున, కూర్మశైలమను శిలాగుట్టపై లేపాక్షి వీరభద్రాలయ మున్నది. 2022 నుండి యీ గ్రామము శ్రీసత్యసాయి జిల్లాలోనిది.

ఊరిపేరునకు రెండు కథలు ప్రచారమున నున్నవి. రావణుని ఖడ్గమున ఱెక్కలు తెగి జటాయు విచటఁ బడెననియు, శ్రీరాముఁడు దానిని గాంచి 'లే, పక్షీ' యనెననియు మొదటిది. రాముఁడు తెలుఁగున మాటాడెననుట మనకెంత ప్రియమైనను, 'పక్షి'లోని హ్రస్వము 'పాక్షి' యని దీర్ఘ మగుటకుఁ గారణము గానరాదు.

రెండవకథ కరుణరసభరితము. పెనుగొండ వాస్తవ్యుఁడగు నంది లక్కిసెట్టి కుమారుఁడు విరూపణ్ణ తమ్ముఁడగు వీరణ్ణతోఁగూడి యీ యాలయమును గట్టించెను. అది అచ్యుతదేవరాయలు (1529–1542) విజయనగరము నేలుచున్న కాలము. విరూపణ్ణ రాజధనమును గుడికి వెచ్చించెనని రాజు విని, కన్నులు తీయుఁడని యాజ్ఞాపింపఁగా, నతఁడు తానే వానిని బెఱికి గోడపై విసరెనఁట. కల్యాణమంటపముచెంత గోడపైఁ గల రెండెఱ్ఱని మఱకలను నేఁటికిని జూపుదురు. మంటపమునకుఁ గప్పులేదు, పని నడుమనే నిలిచినది. ఆ నిలిచిపోయిన ఱాళ్లే యీ కథకుఁ బుట్టినిల్లని తోఁచును. లోపించిన యక్షులు గలది గాన 'లోపాక్షి', అదియే లేపాక్షి యయ్యెనందురు.

ఇందొక చిక్కున్నది. విరూపణ్ణ జీవించియున్ననాఁటి శాసనములందే లేపాక్షి నామము గానవచ్చుచున్నది. కన్నులు పోకమున్నే యూరికిఁ బేరున్నపుడు, కన్నులు పోవుటచేఁ బేరు వచ్చెననుట యెట్లు పొసఁగును? మఱియు నా శాసనములు అచ్యుతరాయల కాలమున నీ దేవునకు భూములును గ్రామములును ధారపోయఁబడిన వృత్తాంతమునే చెప్పుచున్నవి. వర్షమును నమ్మరాని యీ నేలపై నిత్యదీప నైవేద్యములకు భూదానమే యాధారము. గుడికై ధనము వ్యయించినందులకుఁ గన్నులు తీయించు రాజ్యమున నా గుడికే మాన్యములు లభించుట చిత్రము. కావున విరూపణ్ణపై మోపఁబడిన ధనాపహరణదోషమునకు శాసనాధారము లేదు. జనులును వానిని దొంగగాఁ దలఁపరు. ఆ మఱకలను భక్తితోనే చూతురు.

'లేప'మనఁగాఁ బూఁత గావున, చిత్రించిన కన్ను గలది లేపాక్షి యని కొందఱి యూహ. ఇది వినుటకు సొంపుగా నున్నది గాని, యీ చిత్రములు విరూపణ్ణ గుడితోఁ బుట్టినవే. ఊరిపే రంతకుఁ బూర్వపుదైనచో నిదియు నిలువదు.

ఇరువదియేడడుగుల పొడవుగల యేకశిలానందిని, నేలనంటని స్తంభమును జూచి మరలువారు తఱచు అర్ధమంటపమునఁ దలయెత్తి చూడరు. అచట 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పుగల వీరభద్రుని వర్ణచిత్ర మున్నది. ఆలయపుఁ గప్పునందు నన్నదమ్ములిరువురును సపరివారముగా విభూతిప్రసాదమును గ్రహించుచున్నట్లు చిత్రింపఁబడిరి. తలలపై నిడుపాటి కుళ్లాయిలు. విరూపణ్ణ కన్నులు విప్పియే యున్నవి.