మదర్‌బోర్డ్ సౌండ్ నిజంగా అంత చెత్తా?

మన ఛానల్‌ని మొదటి నుంచీ చూస్తున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మొదట్లో నా వీడియోల కింద ఒకటే కామెంట్: "అన్నా, కంటెంట్ బాగుంది కానీ వెనకాల ఆ దోమ ఏంటన్నా?" నిజంగానే దోమ లాంటి సౌండ్. సన్నగా, ఆగకుండా వచ్చేది. మౌస్ కదిపితే ఇంకో రకంగా మారేది. అప్పటికి నేను జాబ్ మానేసి రెండు నెలలు, నాన్నకి ఇంకా చెప్పలేదు కూడా. "మదర్‌బోర్డ్ సౌండ్ చెత్త" అని అందరూ అంటుంటే నమ్మేసి, దాచుకున్న డబ్బుల్లోంచి తీసి ఒక సౌండ్ కార్డ్ కొన్నాను. బిగించాను. దోమ అలాగే ఉంది.

ఈ ఎపిసోడ్ ఆ దోమ గురించే.

ముందు ఒకటి తేల్చుకోండి. మీరు వింటున్న సౌండ్ అసలు మదర్‌బోర్డ్ ఆడియో చిప్ నుంచి వస్తోందా? బ్లూటూత్ బడ్స్ అయితే కాదు. డిజిటల్ డేటాని సౌండ్ సిగ్నల్‌గా మార్చే భాగాన్ని డాక్ అంటారు, అది బడ్స్ లోపలే ఉంటుంది. యూఎస్‌బీ హెడ్‌సెట్ అయినా అంతే. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్ స్పీకర్లలో వింటే ఆ పని మానిటర్ చేస్తుంది. డెస్క్‌టాప్‌లో 3.5 ఎంఎం జాక్‌లో ఏదైనా పెట్టినప్పుడే మదర్‌బోర్డ్ చిప్‌కి పని. తెలిసిన తమ్ముడొకడు బ్లూటూత్ బడ్స్‌లో సౌండ్ బాలేదని మదర్‌బోర్డ్ మార్చబోయాడు. టైమ్‌కి ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది.

మరి ఈ చెడ్డపేరు ఎలా వచ్చింది? ఊరికే రాలేదు. ఒకప్పుడు పీసీలో మంచి సౌండ్ కావాలంటే కార్డ్ విడిగా కొనాల్సిందే. సింగపూర్ కంపెనీ క్రియేటివ్ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ అలా ఫేమస్ అయింది. 1997లో ఇంటెల్ ఏసీ 97 అనే స్టాండర్డ్ తెచ్చాక సౌండ్ మెల్లగా మదర్‌బోర్డ్‌లోకే వచ్చేసింది. చవక కదా, చాలా బోర్డుల్లో బుస్సుమనేది. 2004లో హెచ్‌డీ ఆడియో వచ్చింది, చిప్‌లు చాలా మెరుగయ్యాయి. పేరు మాత్రం మారలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రియల్‌టెక్ ఏఎల్‌సీ 1220 అనే చిప్ ఉన్న బోర్డ్ బాక్స్ మీద 120 డెసిబెల్స్ సిగ్నల్ టు నాయిస్ రేషియో అని రాస్తారు. అంటే పాటకీ, వెనకాల ఉండే బుస్సుకీ మధ్య అంత దూరం అన్నమాట. బోర్డ్ మీద పెట్టాక అంత రాకపోవచ్చు, ఒప్పుకుంటా. కానీ సీడీ క్వాలిటీకి, అంటే 16 బిట్ ఆడియోకి, కావాల్సింది సుమారు 96 మాత్రమే. మన గదిలో ఫ్యాన్ తిరుగుతుంటేనే 40 డెసిబెల్స్ పైన సౌండ్ ఉంటుంది. మంచి చిప్ చేసే బుస్సు ఆ ఫ్యాన్ కింద ఎక్కడో ఉండిపోతుంది. అందుకే పాటలు వినడానికి, గేమ్స్ ఆడటానికి ఇప్పటి మదర్‌బోర్డ్ సౌండ్ చాలు అంటాను. 250 ఓమ్స్ స్టూడియో హెడ్‌ఫోన్స్ లాంటివి కొంటే వేరే సంగతి. వాటికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, చాలా బోర్డుల్లో వాల్యూమ్ ఫుల్ పెట్టినా చాలదు.

అయితే నా దోమ ఎక్కడిది?

(వైర్ చూపిస్తూ) ఇదిగో, ఇక్కడిది. క్యాబినెట్ ముందు హెడ్‌ఫోన్, మైక్ జాక్‌లు ఉంటాయి కదా, వాటి నుంచి ఈ సన్నటి వైర్ మదర్‌బోర్డ్ కింది మూల దాకా వెళ్తుంది. చాలా క్యాబినెట్లలో దీనికి సరైన షీల్డింగ్ ఉండదు. దారిలో గ్రాఫిక్స్ కార్డ్, ఫ్యాన్లు, యూఎస్‌బీ వైర్లు. వాటి ఎలక్ట్రికల్ గోలంతా ఇది పట్టుకుంటుంది. మౌస్ కదిపితే సౌండ్ మారేది అందుకే. నేనేం చేశానంటే, సౌండ్ కార్డ్ కొన్నాక ఇదే వైర్ తీసి బుద్ధిగా ఆ కార్డ్‌కి తగిలించాను! మైక్ తీసి వెనక గులాబీ రంగు జాక్‌లో పెట్టిన రోజు దోమ పోయింది. ఖర్చు సున్నా.

కానీ సన్నటి బుస్సు ఇంకా మిగిలింది. అది నా పుణ్యమే. విండోస్ మైక్ సెట్టింగ్స్‌లో లెవెల్స్ అనే ట్యాబ్‌లో మైక్రోఫోన్ బూస్ట్ ఉంటుంది. నేను 30 డెసిబెల్స్ పెట్టేశాను. అది గొంతుతో పాటు బుస్సునీ పెంచుతుంది. మదర్‌బోర్డ్‌లో నిజంగా వీక్ పార్ట్ ఏదైనా ఉందంటే ఈ మైక్ ఇన్‌పుటే. బూస్ట్ పెంచే బదులు మైక్ దగ్గరికి జరపండి. దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, బుస్సు అక్కడే ఉంటుంది. రెండడుగుల దూరంలో ఉన్న మైక్‌ని అరడుగుకి తెచ్చాను, 12 వచ్చాయి.

ఇంకోటి, ఇది మన ఇళ్లలో ఎక్కువ. గుయ్‌మని లావుగా ఒక సౌండ్, క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమనడం. చాలాసార్లు అది ఎర్తింగ్ లేకపోవడం. మూడు పిన్నుల ప్లగ్‌ని కన్వర్టర్ పెట్టి రెండు పిన్నుల సాకెట్‌లో గుచ్చుతాం కదా, అక్కడ ఎర్త్ తెగిపోతుంది. నా అద్దె గదిలో అసలు సాకెట్‌కే ఎర్త్ వైర్ లేదు. దీనికి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మీరు వేలు పెట్టొద్దు.

చెక్ చేయడం ఈజీ. ఆడాసిటీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఏం మాట్లాడకుండా పది సెకన్లు రికార్డ్ చేయండి, మీటర్ ఎంత చూపిస్తుందో రాసుకోండి. ముందు జాక్‌లో ఒకసారి, వెనక జాక్‌లో ఒకసారి. కొనాలా వద్దా అన్నది ఆ తర్వాత.

ఆ సౌండ్ కార్డ్‌ని సగం ధరకి అమ్మేశాను. కొన్నతను "ఎందుకు అమ్ముతున్నావ్ బ్రో?" అని అడిగితే ఇదంతా చెప్పాను. అయినా కొన్నాడు.

ఇప్పుడు రెండు క్లిప్పులు ప్లే చేస్తాను. మైక్ ఒకటే, మాట ఒకటే, జాక్‌లే వేరు. ఏది ముందుదో, ఏది వెనకదో చెప్పండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

(ఇక్కడ వీడియోలో రెండు ఆడియో క్లిప్పులు ఉన్నాయి.)