రెండుంటే రెట్టింపా?

"ఒక్క ప్రాసెసర్ ఎందుకు మేడమ్? ఇంకో ఐదువేలు వేసుకోండి, రెండున్నది ఇస్తా. రెట్టింపు స్పీడు!" అన్నాడు ఆదోనిలో కంప్యూటర్ల షాపతను. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన పెద్ద డబ్బా అది. నా చేతిలో ఉన్నది చీటీ పాడిన డబ్బు. అమ్మాయి డిగ్రీ చదువుకీ, నా కథల టైపింగుకీ అందులోనే సరిపెట్టాలి. మావారేమో "నీ ఇష్టం" అనేశారు. తప్పు చేస్తే మళ్లీ కొనే శక్తి లేదు. ఆలోచించుకుని వస్తానని ఇంటికొచ్చేశాను.

ఆ ఆదివారం ఎమ్మిగనూరులో అక్కవాళ్లింటికి వెళ్లాను. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. బావ ఇప్పటికీ మగ్గం వదల్లేదు. సంగతి చెబితే నవ్వాడు.

"రెండు మగ్గాలుంటే రెండు చీరలు ఒకేసారి నేయొచ్చమ్మా. ఒగ చీర సగం దినాల్లో అయితాదా?"

నాకు లైటు వెలిగింది! కథ టైపు చేయడం, పాఠం చూడడం ఒక్క చీర నేయడంలాంటివి. రెండో ప్రాసెసర్ ఊరికే కూర్చుంటుంది. వీడియోలు తయారుచేయడంలాంటి, ముక్కలుగా పంచుకోగల పెద్ద పనులకే దాని అవసరం.

ఈ ఆశ కొత్తదేం కాదు. 1999లో ఏబిట్ కంపెనీ రెండు చవక సెలెరాన్ ప్రాసెసర్లు పట్టే బోర్డు తెచ్చింది. కానీ విండోస్ 98 రెండోదాన్ని వాడుకోలేదు! విండోస్ ఎన్‌టీయో, 2000యో ఉండాల్సిందే. 2005లో ఒకే చిప్పులో రెండు కోర్లున్న ప్రాసెసర్లు ఇళ్లకొచ్చాయి. ఇప్పుడు మామూలు ప్రాసెసర్‌లోనే నాలుగో ఆరో కోర్లుంటాయి. అంటే ఒక్క ఇంట్లోనే నాలుగు మగ్గాలన్నమాట. రెండో ప్రాసెసరంటే పక్కవీధిలో ఇంకో ఇల్లు. అటూ ఇటూ నూలు మోయడానికీ టైము పడుతుంది, కరెంటూ ఎక్కువే.

మర్నాడు షాపుకెళ్లి, "ఆ పాతదాంట్లో ఏ విండోస్ ఉంది?" అనడిగాను. "హోమ్" అన్నాడు. విండోస్ 10, 11 హోమ్ రకాలు ఒక్క ప్రాసెసర్‌నే వాడతాయి. రెండింటికి ప్రో కావాలి. ఆ మాటంటే తల గోక్కున్నాడు.

ఒక్క ప్రాసెసరున్న కొత్తదే తీసుకున్నా. మిగిలిన ఐదువేలలో యూపీఎస్ వచ్చింది. నిన్న కథ మధ్యలో కరెంటు పోయినా ఒక్క అక్షరం పోలేదు.

మీరూ కంప్యూటర్ కొనబోతున్నారా? అయితే షాపుకెళ్లేముందే ఆలోచించుకోండి... మీ ఇంట్లో నేయాల్సింది ఒక్క చీరా, రెండా?