కుంచె పట్టుకుని లండన్‌కి... టికెట్ డబ్బులు వాళ్లవే!

లండన్ ఓవల్ మైదానంలో టెస్ట్ మ్యాచ్ జరుగుతుంటే స్టాండ్ల వెనక ఇనుప చట్రాలతో గుండ్రంగా, ఎత్తుగా ఒక కట్టడం టీవీలో కనిపిస్తుంటుంది. ఎప్పుడైనా గమనించారా? అది ఒకప్పటి గ్యాస్ నిల్వ ట్యాంకు. 1971లో అజిత్ వాడేకర్ జట్టు ఇంగ్లండ్ గడ్డపై మనకు తొలి టెస్ట్ విజయం తెచ్చింది ఆ మైదానంలోనే. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, వాక్స్‌హాల్ ప్రాంతంలో ‘గ్యాస్‌వర్క్స్’ అనే ఓ చిన్న కళాసంస్థ ఉంది. బీఎఫ్ఏ, ఎంఎఫ్ఏ చదువుతున్నవాళ్లు స్కోరు కంటే ముందు తెలుసుకోవాల్సిన చిరునామా అది.

1994లో మొదలైన ఈ సంస్థ ఇతర దేశాల్లో కొత్తగా ఎదుగుతున్న కళాకారులను ‘రెసిడెన్సీ’కి పిలుస్తుంది. ఒక్కో విడత సుమారు 11 వారాలు. రానూపోనూ విమాన ఖర్చు, ఉండటానికి గది, రోజువారీ ఖర్చులకు భత్యం, రంగులూ సామగ్రికి కొంత సొమ్ము, పని చేసుకోవడానికి సొంత స్టూడియో ఇస్తారు. ఒక విడతలో విదేశీ కళాకారులు నలుగురైదుగురికి మించరు. పక్క స్టూడియోల్లో లండన్ ఆర్టిస్టులు పని చేస్తుంటారు. క్యూరేటర్లు వచ్చి చూస్తారు, మాట్లాడతారు. చివర్లో తలుపులు తెరిచి జనానికి చూపించే ‘ఓపెన్ స్టూడియో’ ఉంటుంది.

రెసిడెన్సీ అంటే కోర్సు కాదు. క్లాసులు, అటెండెన్స్, మార్కులు ఏవీ ఉండవు. పొద్దున్నే లేచి ఏం చేయాలో చెప్పేవాళ్లూ ఉండరు. కాలేజీలో అసైన్‌మెంట్ ఇస్తేనే కుంచె పట్టే అలవాటున్నవాళ్లకు మొదటి వారం గడవడమే కష్టం. ఉద్యోగం అంతకన్నా కాదు. ‘మూడు నెలలు వెళ్లొస్తే ఏమొస్తుందిరా?’ అని ఇంట్లో నాన్న అడిగితే నిజమే చెప్పండి. చేతిలో డబ్బు మిగలదు, తిరిగొచ్చాక కొలువు గ్యారంటీ లేదు. తిండి, అద్దె గొడవ లేకుండా చేసుకున్న పని మిగులుతుంది. మన పని చూసి గుర్తుపెట్టుకున్న పదిమంది మిగులుతారు. తర్వాత పెట్టే దరఖాస్తుల్లో ఆ ఒక్క లైను బరువు తూగుతుంది. డ్రాయింగ్ టీచరో, యానిమేషన్ స్టూడియోనో తప్ప మూడో దారి లేదనుకునేవాళ్లకు ఇదొక దారి. తేలికైనది మాత్రం కాదు.

ఫైనలియర్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. ఇలాంటి అవకాశాలు ఎక్కువగా చదువు పూర్తయి, రెండు మూడేళ్లు సొంతంగా పని చేసినవాళ్లకే. కాబట్టి ఇది రేపటి దరఖాస్తు కాదు, ఇప్పటి నుంచి తయారవ్వాల్సింది.

ఫొటోల దగ్గరే సగం మంది అవుట్

ఎంపిక చేసేవాళ్లు మీ కాన్వాస్‌ను చూడరు, దాని ఫొటో చూస్తారు. అదీ వందల దరఖాస్తుల మధ్య, కొద్ది క్షణాలు. అయినా మన పిల్లలు ఏం చేస్తారంటే హాస్టల్ గదిలో ట్యూబ్‌లైట్ కింద, ఫ్లాష్ వేసి, వెనక మంచం కనిపిస్తుండగా తీసి పంపేస్తారు. బొమ్మను వరండాలో, నేరుగా ఎండ పడని చోట గోడకు ఆనించి తీయండి. అద్దం ఫ్రేమ్ ఉంటే విప్పేయండి. ఫోన్ కెమెరా చాలు, కాకపోతే వంకర లేకుండా, అంచులు కనిపించేలా. శిల్పం, ఇన్‌స్టలేషన్ అయితే ఒకటి దగ్గరగా, ఒకటి మనిషి పక్కన నిలబడగా తీస్తే సైజు తెలుస్తుంది. ప్రతి ఫొటో కింద పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలతలు రాయాలి. చిన్న పనే, కానీ వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఏ పనులు పెట్టాలన్నది అసలు ప్రశ్న. క్లాసులో చేసిన లైఫ్ స్టడీ, ఆర్డర్ మీద వేసిన నాయకుడి పోర్ట్రెయిట్, కాలండర్ దేవుడు, ఒక అబ్‌స్ట్రాక్ట్... ఇలా ‘నాకు అన్నీ వచ్చు’ అని చూపిస్తే ఏదీ రాదనే అర్థమవుతుంది. ఒకే ఆలోచనను పట్టుకుని చేసిన ఎనిమిది పనులు, పది రకాల ఇరవై పనుల కంటే నయం.

ఇక స్టేట్‌మెంట్. ‘నా కళ మానవ అస్తిత్వపు అంతర్మథనాన్ని ఆవిష్కరిస్తుంది’ అని ఇంగ్లిష్‌లో రాస్తే చదివేవాళ్లు ఆవులిస్తారు. ‘సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర మిగిలే పీలికలను కుట్టి, వాటి మీద మా వీధి మ్యాప్ గీస్తున్నాను’ అనండి, కళ్లముందు బొమ్మ కడుతుంది. ఇంగ్లిష్ గొప్పగా ఉండక్కర్లేదు, చిన్న వాక్యాలు చాలు. తెలుగులో రాసుకుని తర్వాత మార్చుకున్నా తప్పులేదు.

‘ఇక్కడికే ఎందుకు?’

ఈ ప్రశ్న దాదాపు ప్రతి దరఖాస్తులో ఉంటుంది. ‘మ్యూజియాలు చూడాలని’ అంటే టూరిస్టు జవాబు. మనకు నిజమైన జవాబులు లేకపోలేదు. అమరావతి స్తూపం శిల్పాల్లో పెద్ద భాగం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కోరమండల్ తీరం నుంచి ఓడలెక్కిన కలంకారీ వస్త్రాలు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. రాతితోనో, బట్టతోనో, సహజ రంగులతోనో ఇప్పటికే పని చేస్తున్నవాళ్లయితే అక్కడ ఏం వెతుకుతారో, దాంతో స్టూడియోలో ఏం చేస్తారో రాయొచ్చు. విదేశీయులకు నచ్చుతుందని ఉన్నట్టుండి చేర్యాల బొమ్మలు, తోలుబొమ్మలు దరఖాస్తులోకి లాక్కొస్తే మాత్రం ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

గ్యాస్‌వర్క్స్‌లో అందరికీ ఒకే నోటిఫికేషన్ ఉండదు. ఏ దేశానికి నిధులిచ్చే భాగస్వామి దొరికితే ఆ దేశపు కళాకారులకు పిలుపు వస్తుంది. మనకు ఎప్పుడొస్తుందో వాళ్ల వెబ్‌సైట్‌లో చూస్తూ ఉండాల్సిందే. బ్రిటన్‌లో కొద్దికాలం పని చేయాలనుకునే భారతీయ కళాకారులకు సాయం చేసే చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్‌నీ గమనించండి. ఎక్కువ కాలం కావాలంటే ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌అకాడమీ ఉంది. 1870లో పుట్టిన సంస్థ, మోండ్రియాన్ చదివిన చోటు. ఇప్పుడు పాత అశ్వికదళ బ్యారక్స్‌లో స్టూడియోలు, సెరామిక్స్, ప్రింట్, లోహం వర్క్‌షాపులు నడుపుతోంది. స్టైపెండ్ ఇస్తారు. పోటీ కూడా అలాగే ఉంటుంది.

ఒక హెచ్చరిక. ‘ఇంటర్నేషనల్ రెసిడెన్సీ’ అని ఇన్‌స్టాలో కనిపించే వాటిలో చాలావరకు మన దగ్గరే వారానికింత అని వసూలు చేసేవి. అవన్నీ మోసం కాకపోవచ్చు, కానీ వాటిని స్కాలర్‌షిప్ అనుకుని అప్పు చేయొద్దు. దరఖాస్తు పెట్టిన రెండో రోజే ‘కంగ్రాచ్యులేషన్స్’ మెయిల్, దాని కింద అకౌంట్ నంబరు వచ్చాయంటే అక్కడే ఆగిపోండి. విమానం, వసతి, భత్యం, సామగ్రి... ఈ నాలుగూ ఎవరు పెట్టుకుంటారో ఒక్కొక్కటిగా అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

లండన్‌కి ముందు ఢిల్లీ

తొలి రెసిడెన్సీ విదేశంలోనే కావాలని లేదు. ఢిల్లీ ఖిర్కీలోని ఖోజ్ సంస్థ ‘పీర్స్’ పేరుతో కొత్తగా చదువు ముగించినవాళ్లకు చిన్న రెసిడెన్సీ నడుపుతుంది. గ్యాస్‌వర్క్స్, ఖోజ్ రెండూ ట్రయాంగిల్ నెట్‌వర్క్ కుటుంబం నుంచి వచ్చినవే. కోచిలో స్టూడెంట్స్ బినాలే ఉంది, కాలేజీలో ఉండగానే పాల్గొనొచ్చు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్‌లో విజువల్ ఆర్ట్స్ కూడా ఉంది. హైదరాబాద్, విశాఖ, కడప ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు దీన్ని ఎందుకో పెద్దగా పట్టించుకోరు.

రికమండేషన్ లెటర్ కోసం సార్‌ని గడువుకు ముందు రోజు రాత్రి అడగొద్దు, మూడు వారాల టైమివ్వండి. మీ పనుల ఫొటోలు కూడా ఆయనకు పంపండి, లేకపోతే ‘క్రమశిక్షణ గల విద్యార్థి’ అని రాసిచ్చేస్తారు. ఎంపికైతే వీసాకి కావాల్సిన ఆహ్వాన పత్రం సంస్థే ఇస్తుంది, ఏ రకం వీసాకి వెళ్లాలో కూడా వాళ్లనే అడగండి. పాస్‌పోర్ట్ మాత్రం మన పనే. 36 పేజీల సాధారణ పాస్‌పోర్ట్‌కు ఫీజు రూ.1,500. పోలీస్ వెరిఫికేషన్ దగ్గర హాస్టల్ అడ్రస్, ఊరి అడ్రస్ గొడవ వచ్చేది అక్కడే కాబట్టి, నోటిఫికేషన్ కోసం చూడకుండా ఈ సెలవుల్లోనే పెట్టేయండి.